గల్లా దగ్గరి చూపు

బట్టల కొట్టు యజమాని మూడోసారి కూడా కరాటే చాప మీద వెల్లకిలా పడ్డాడు. పడేసింది పరాయివాళ్ళెవరూ కాదు, కట్టుకున్న భార్యే.

“కుడి పిడికిలి మీంచి చూపు తిప్పలేదు మాస్టారూ. ఈవిడేమో ఎడంచేత్తో లాగేసింది!” అని ఫిర్యాదు చేశాడు.

“తప్పే. లాగేముందు మీకు కబురు పెట్టాల్సింది,” అన్నారు మాస్టారు. “ఇంకోసారి పడితే రేపట్నుంచి పిల్లల బ్యాచ్‌లో చేరుదురుగాని. అయినా కొట్లో కూడా ఒక్కరి మొహమే చూస్తూ కూర్చుంటారా?”

“భలేవారే! గల్లా దగ్గర కూర్చున్నానంటే బేరమాడే మనిషీ కనిపించాలి, మూల అద్దం ముందున్న మనిషీ కనిపించాలి. నా కళ్ళుగప్పి చేతిరుమాలు కూడా గడప దాటదు.”

“ఆ చూపేదో ఇక్కడా పెట్టండి.”

పెట్టాడు. పిడికిలిని వదిలేసి మనిషిని మొత్తంగా చూశాడు. ఆవిడ బరువంతా కుడికాలి మీదే ఉంది. ఎడమకాలు ఆనీ ఆనకుండా ఉంది, మోకాలు సన్నగా వణుకుతోంది. అక్కడ చిన్న తాపు తంతే చాలు, పెట్టుబడి లేని గెలుపు. పిల్లల బ్యాచ్ గండమూ గడుస్తుంది.

అతను చేతులు దించేశాడు. ఆవిడ మాత్రం మొహమాటపడకుండా లాగి పడేసింది.

“మోకాలు ఎప్పట్నుంచే ఇలా?” అని చాప మీంచే అడిగాడు.

“మీరు గల్లా దగ్గర కూర్చుని, చీరలు చూపించడానికి నన్ను నిలబెట్టినప్పట్నుంచి. మీ కళ్ళుగప్పి ఏదీ పోదుగా, చూసే ఉంటారనుకున్నా.”