పదిహేడో మడి

తాడు దాటి గోధుమ మడిలోకి వచ్చిన ముసలాయన ఒక గింజను వేళ్ల మధ్య నొక్కి చూస్తున్నాడు.

రామమూర్తి దూరం నుంచే హిందీలో కేకేశాడు.

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తెలుగోరేనంట కదా బాబూ. మనది ఏ ఊరండి?"

రామమూర్తి వినపడనట్టు కాగితాల్లోకి చూశాడు. రాయ్‌పూర్‌లో ఆ ప్రశ్న వేసినవాళ్లంతా, తర్వాత కొడుక్కో అల్లుడికో ఉద్యోగం అడిగినవాళ్లే.

"ఇధర్ ఆనా మనా హై," అన్నాడు, ఇటు రాకూడదని హిందీలోనే.

ముసలాయన తెలుగులోనే చెప్పుకొచ్చాడు. తన పేరు అచ్చయ్య. ధర్సీవాలో సేద్యం. పోయిన వానాకాలం ఇల్లు కూలి, దాచుకున్న గింజంతా తడిసి మొలకెత్తిపోయింది. విత్తనానికి నాలుగు కంకులు కావాలి.

"ఈ పదిహేడో మడివి చాలు బాబూ."

అదే ఎండిపోతున్న మడి.

మార్చి ఎండలోనూ గింజ నింపగల రకం ఏదో రామమూర్తి తేల్చాలి. మూడేళ్ల నుంచి అదే పని. ఈ పంటతో తేలకపోతే ఉద్యోగం ఉండదు. ఆకు పచ్చగా ఉన్నన్నాళ్లే ఎండను తిండిగా మారుస్తుంది. కాబట్టి కంకి కింది ఆకు ఎంత ఆలస్యంగా పండితే గింజ అంత నిండాలి. అదీ అతని లెక్క.

ఇరవై నాలుగు మళ్లలో పదిహేడోది అన్నిటికంటే ముందు పండుబారింది. దాన్ని కోసి ఎద్దులకు వెయ్యమని పొద్దున్నే కూలిమనిషి పైడమ్మకు చెప్పాడు.

లెక్క ఒక్కటే కాదేమో. రైల్వేలో రిటైరైన ఏడాదికే తండ్రి మొహం పసుపురంగుకు తిరగడం, ఆయన పోవడం అతను చూశాడు. అప్పటి నుంచి పండుటాకు కనిపిస్తే చూపు తిప్పుకునేవాడు.

"ఆకు చావట్లేదు బాబూ," అన్నాడు అచ్చయ్య. "తన ఒంట్లోదంతా కంకికి పంపేస్తంది. ఆ పచ్చగా ఉన్నయ్యి చూడండి, దాచుకుంటన్నాయి. ఎండ ముదిరిందంటే ఎక్కడిదక్కడే ఆగిపోద్ది."

మూడేళ్ల కాగితాలు చేతిలో బరువుగా అనిపించాయి. కోపం వచ్చింది.

"ఇది గవర్నమెంటు పొలం. కంకి కాదు, గడ్డిపరక కూడా ఇవ్వకూడదు. వెళ్లండి."

"తెలుగొచ్చన్నమాట," అని అచ్చయ్య నవ్వాడు. ఇంకేదో చెప్పబోయి మానుకున్నాడు. వంగి, తాడు కింద నుంచి వెళ్లిపోయాడు.

పైడమ్మ కొడవలి పట్టుకుని నిలబడే ఉంది.

"అతగాడు రోజూ కంచె అవతల నిలబడి ఈ మడొక్కటే సూస్తాడు బాబూ. నాలుగు కంకులే గదా."

"కొయ్యి," అన్నాడు రామమూర్తి.

కోసేముందు, ఎప్పటిలాగే, ప్రతి మడి నుంచీ పదేసి కంకులు తీసి ఓవెన్‌లో పెట్టాడు. తడి పూర్తిగా పోతేగాని అసలు బరువు తేలదు.

మూడో రోజు తూచాడు.

పదిహేడో మడి గింజ మిగతా అన్నిటికంటే బరువు తూగింది. నమ్మలేక మళ్లీ తూచాడు. త్రాసు మార్చి తూచాడు.

ఆ గింజల్ని అరచేతిలో పోసుకున్నాడు. ఓవెన్‌లో ఎండిన గింజ మొలవదు. ఢిల్లీ నుంచి పంపిన విత్తనమంతా ఆ ఒక్క మడికే సరిపోయింది. కోసిందంతా ఎద్దులు తినేశాయి, మడిలో మోళ్లే మిగిలాయి.

మళ్లీ విత్తనం పంపమని ఆ రోజే ఢిల్లీ ఆఫీసుకు ఉత్తరం రాశాడు.

ఏప్రిల్ వచ్చింది. పచ్చటి మళ్లలో గింజలు పచ్చటి ఆకుల మధ్యే ముడుచుకుపోయాయి.

నెలాఖరుకు జవాబు వచ్చింది:

"మా దగ్గర ఆ విత్తనం మిగల్లేదు. ఇరవై ఏళ్లు కంకి కంకీ ఏరి ఆ రకాన్ని తయారుచేసిన రైతు మీ దగ్గరే, ధర్సీవాలో ఉంటారు. పేరు అచ్చయ్య. ఆయన్ని అడగండి."