మూడో జడ్జి కాగితం

ఆఖరిదైన మూడో రౌండు ముగిసినట్టు గంట మోగింది. దయాకర్ చేతిలో పెన్ను మాత్రం కదలలేదు.

పరదేశంలో, అల్ కుసైస్‌లోని ఆ లేబర్ క్యాంపులో, ఆదివారం మధ్యాహ్నం మెస్ హాల్లో బల్లలన్నీ గోడకు నెట్టి రింగు కట్టారు. బరిలో ఇద్దరు మాజీ బాక్సింగ్ చాంపియన్లు, ఇద్దరికీ యాభై దగ్గర పడుతోంది. నిజామాబాద్ భోజన్న తాడు పట్టుకుని రొప్పుతున్నాడు. కర్నూలు జిలానీ బాషా నిటారుగా నిలబడ్డాడు. ఇరవై ఏళ్లలో వీళ్లు తలపడిన ఆరుసార్లూ జిలానీయే గెలిచాడు. ఇవాళ కూడా పైచేయి అతనిదేనని కళ్లున్న ఎవడికైనా తెలుస్తుంది.

కానీ ఒక జడ్జి భోజన్న గదిలోనే ఉండేవాడు. అతనికి కళ్లకన్నా స్నేహం ఎక్కువ, భోజన్నకే రాశాడు. రెండో జడ్జి ఉన్నదున్నట్టు జిలానీకి రాశాడు. ఇక తేల్చాల్సింది దయాకర్.

పొద్దున భోజన్న భార్య సమ్మవ్వ ఊరి నుంచి ఫోన్ చేసి ఏడ్చింది.

"తలకు ఇంకా దెబ్బలు తగిల్తే మనిషి దక్కడని డాక్టర్ చెప్పిండు తమ్మీ. నువ్వు ఆడ ఆట ఆపితే ఇంకో క్యాంపుల ఆడ్తడు. జిలానీని ఒక్కసారి గెలిస్తే ఇగ ఆడనని నా మీద ఒట్టేసిండు. ఆ ఒక్క గెలుపు ఇయ్యి. ఎవ్వలకు చెప్పకు, కంపెనీకి తెలిస్తే కొలువు పోతది."

పదేళ్లుగా జడ్జిగా కూర్చుంటున్న దయాకర్ ఒక్క పాయింటు కూడా తప్పు రాసి ఎరగడు. నిజం రాస్తే మనిషి పోతాడు, అబద్ధం రాస్తే మాట పోతుంది. 'భోజన్న' అని రాసి సంతకం పెట్టాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

రిఫరీ భోజన్న చెయ్యి పైకెత్తగానే హాలంతా ఈలలు. వెనక నుంచి "మోసం" అన్న కేకలూ వినిపించాయి. భోజన్న కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గ్లౌజులు విప్పి దయాకర్ ముందు పెట్టాడు.

"ఇగ ఖలాస్ తమ్మీ. మల్ల ముట్ట. మీ వదినకు నువ్వే చెప్పు."

తోటివాళ్లు భోజన్నను గదికి తీసుకెళ్లాక జిలానీ వచ్చి దయాకర్ ఎదురుగా నిలబడ్డాడు.

"నేను ఓడిపోయినానా భాయ్? నిజం చెప్పు."

దయాకర్ అంతా చెప్పేశాడు. జిలానీ తన పిడికిళ్ల వంక చూసుకున్నాడు.

"ముందే ఒక మాట చెప్పింటే నేనే పడిపోయేవాణ్ని గదా భాయ్. ఆ తల మీద అన్ని గుద్దులు గుద్దేవాణ్నా?"

దయాకర్‌కు ఆ ఆలోచనే రాలేదు. గెలుపు ఇవ్వడం గురించే ఆలోచించాడు గానీ, దెబ్బల సంగతి మరిచాడు.

"పోనీలే," అన్నాడు జిలానీ కళ్లు తుడుచుకుని. "ఓడిపోయినానని నా కొడుక్కు నేనే చెప్తా. మనిషి మిగిలినాడు, అది చాలు. పద, చూసొద్దాం."

ఇద్దరూ గదికి వెళ్లారు. భోజన్న మంచం మీద కూర్చుని చేతులకు పట్టీలు చుట్టుకుంటున్నాడు. గుమ్మంలో జిలానీని చూసి నవ్వాడు.

"అచ్చినవా బాషా? నడువు, ఆటకు టైం అయితుంది. ఇయ్యాలన్న నిన్ను ఒక్కసారి గెలుస్త."