అలిగిన పలక

ప్రకటన మళ్ళీ వచ్చేసరికి, మేనకోడలి కంట పడకుండా మామయ్య టీవీ కట్టేశాడు.

అందులో బల్ల మీద రెండు టాబ్లెట్లు ఉంటాయి. ఒకటి పెద్ద కంపెనీది. రెండోదాని మీద పేరు కనిపించదు. కానీ నీలం అంచు, గుండ్రటి మూలలు చూస్తే అది ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. తండ్రి వేషం వేసినాయన దాన్ని వేలితో తాకుతాడు. తెర కదలదు. మళ్ళీ తాకుతాడు. చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. అంచు గుచ్చుకుందని వేలు నోట్లో పెట్టుకుంటాడు. టాబ్లెట్ కింద పడి పగులుతుంది. కూతురు పక్కనుంచి, "నాన్నా, ఇది అలిగింది" అంటుంది. అడుగున ఒక వాక్యం: మా పరీక్షల్లో తేలిన నిజం.

ఆ మాట ఊరంతా పాకింది. కూరగాయల కొట్లో, లిఫ్టులో, బ్యాంకు వరసలో, ఆ మేనకోడలు కనిపిస్తే చాలు, "మీ పలక అలక తీరిందా?" అని అడిగేవాళ్ళు. ఆమె "తీరగానే చెబుతా" అనేది.

నీలం అంచు టాబ్లెట్ ఆమె కంపెనీది. కంపెనీ అంటే రెండు గదులు. పైగదిలో ఇంజినీర్లు. కిందిగదిలో ఆమె, ఆమె తమ్ముడు. వాడు చదువు మధ్యలో వదిలేసి వడ్రంగం నేర్చుకున్నాడు. ఆఫీసులో కుర్చీల నుంచి అల్మరాల దాకా వాడి చేతిపనే. పెట్టుబడిలో పెద్దవాటా మేనమామది.

టాబ్లెట్‌ను ఆమె ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో పెట్టింది. గాజు పెట్టెలో, 'తాకరాదు' అన్న చీటీతో. జనం మూగారు. పెద్ద కంపెనీవాళ్ళూ వచ్చారు, అన్ని వైపులనుంచీ ఫొటోలు తీసుకున్నారు. ఆ తర్వాత వచ్చింది ఈ ప్రకటన. దాని వెనకే ఆమె కంపెనీని కొనేస్తామని వాళ్ళ దగ్గర్నుంచే కబురు వచ్చింది.

"ఇచ్చేద్దాం తల్లీ" అన్నాడు మామయ్య. "ఇంకొన్నాళ్ళు ఇది టీవీలో తిరిగిందంటే ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడుండడు."

"ఇవ్వను."

"అయితే మనమూ ఒక ప్రకటన వేద్దాం. అది పనిచేస్తుందని చూపిద్దాం. లోకానికి తర్వాత, ముందు ఆ పెట్టెలోంచి తీసి నాకు చూపించు."

"ఇంకా పని ఉంది మామయ్యా."

మొదట్నుంచీ ఆమె ఆ మాటే చెబుతోంది. ఎంత పని ఉందో ఆయన ఏనాడూ అడగలేదు.

"వాడు నీదాన్ని నేలకేసి కొడుతుంటే చూస్తూ కూర్చుంటావా?"

"కొట్టనీ. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు కొట్టనీ."

తమ్ముడికీ కోపంగానే ఉంది. వాడి కోపం వేరు. "తెర కదల్లేదననీ. చెయ్యి కాలిందననీ. నాకేం పట్టదు. అంచు గుచ్చుకుందంటే మాత్రం ఊరుకోనక్కా" అన్నాడు.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. మామయ్యకు ఒళ్ళు మండింది. అక్కాతమ్ముళ్ళిద్దరికీ మతి పోయిందన్నాడు.

ఆమె ప్రకటనల మీద ఫిర్యాదులు వినే సంఘానికి రాసింది. ఆ పరీక్షలు అబద్ధమని, అదే టీవీలో, అదే వేళకు వాళ్ళు ఆ మాట ఒప్పుకోవాలని. విచారణలో ఓడిపోతే ఆ రోజే అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టాలని మామయ్య షరతు పెట్టాడు. ఆమె ఒప్పుకుంది. ఆయన కాగితాలు సంచిలో పెట్టుకుని మరీ విచారణకు వచ్చాడు.

సంఘం పెద్ద రిటైరైన జడ్జి. ఎదుటి పక్షం తరఫున పెద్ద కంపెనీ ప్రచారాధికారి లేచాడు. నిజమే చెబుతానని ప్రమాణం చేశాడు. టాబ్లెట్‌ను బజార్లో కొన్నామని, తన ఎదుటే పరీక్షలు జరిగాయని చెప్పాడు. చిన్న కంపెనీలకు నిజం చేదుగానే ఉంటుందన్నాడు. వెనక వరసలో ఎవరో "అలిగింది" అన్నారు. నవ్వులు.

జడ్జి ఆమె వైపు చూశాడు. "ఏమైనా అడుగుతావామ్మా?"

ఆమె లేచింది. "మీ చేత్తో పట్టుకున్నారా?"

"చాలాసార్లు."

"తెర?"

"తాకినప్పుడల్లా ఆగిపోయింది."

"వేడెక్కిందా?"

"అరచేతిలో పట్టుకోలేకపోయాను మేడమ్. చెప్పడానికి నాకే బాధగా ఉంది."

"అంచు గుచ్చుకుందా?"

అతను బొటనవేలు పైకెత్తి జడ్జికి చూపించాడు. ఆమె పక్కన తమ్ముడు పళ్ళు కొరికాడు. మామయ్య సంచిలోంచి కాగితాలు తీసి, కలం మూత విప్పి, ఆమె ముందుకు తోశాడు.

ఆమె వాటిని పక్కకు జరిపింది. కుర్చీ కింది నుంచి గాజు పెట్టె తీసింది. తాళం తెరిచి, నీలం అంచు టాబ్లెట్‌ను తీసుకెళ్ళి జడ్జి బల్ల మీద పెట్టింది.

"మీరూ ఒకసారి చూడండి" అంది.

జడ్జి కళ్ళజోడు సవరించుకున్నాడు. తెర మీద వేలు పెట్టాడు. కదల్లేదు. ప్రచారాధికారి చిరునవ్వు నవ్వాడు. జడ్జి మీట కోసం అంచు పొడవునా తడిమాడు. దొరకలేదు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని వెలిగించడం ఎలాగమ్మా?"

"అది వెలగదండీ" అంది ఆమె, "అసలు టాబ్లెట్ మేమింకా తయారే చెయ్యలేదు, ఇది ప్రదర్శనలో పెట్టడానికి మా తమ్ముడు పాత తలుపు చెక్కను చిత్రిక పట్టి చేసిన బొమ్మ."