ప్రార్థన నూనె

మా నాన్న సంఘపెద్ద. రోగుల తల మీద చెయ్యి వేసి, నుదుటికి నూనె రాసి ప్రార్థించడంలో ఆయన పెట్టింది పేరు. అమ్మ కాలి పుండుతో మంచాన పడిన నెలకు ఆ నూనె సీసా పట్టుకుని గదిదాకా వచ్చారు. వచ్చి, గడప దగ్గరే ఆగిపోయారు.

“దేవుడికి దూరమేముంది, ఇక్కణ్ణించే చేస్తాను,” అంటూ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

లోపల పిన్ని కట్టు విప్పుతోంది. అమ్మ దగ్గరే ఉండిపోయి నాలుగు ఆదివారాలు చర్చికి రాలేదని, భక్తి చల్లారిందని, పాటల బృందంలోంచి పిన్నిని తీసేయించింది ఈయనే.

రుమాలు చాటున ప్రార్థన సాగుతోంది. శ్రమల్లో నిలబడేదే నిజమైన విశ్వాసమన్న మాట మూడోసారి వచ్చింది. నాకు వెగటు పుట్టింది. పుండు వాసనకి కాదు, ఆ మాటలకే అనుకున్నాను.

“బావా, ఆ సీసా ఇటివ్వండి. అక్క వీపు ఎండి పగిలిపోయింది,” అంది పిన్ని.

“అది ప్రార్థన చేసిన నూనె.”

“మరీ మంచిది. ఒంటికి ఇంకా బాగా పడుతుంది.”

ఆయన సీసా గడప మీద పెట్టి వెనక్కి జరిగారు. పిన్నే వచ్చి తీసుకుంది. అరచేతిలో పోసుకుని వీపు రాస్తుంటే అమ్మ హాయిగా మూలిగింది.

ఛీ, ఈ మనిషి వెనకాలేనా ఇన్నేళ్ళూ మోకరించాను అనిపించింది.

“నువ్వు రా అమ్మాయ్. నేను కట్టు కట్టేదాకా కాలు ఎత్తి పట్టుకో,” అంది పిన్ని.

అప్పుడు చూసుకున్నాను. నేనింకా నాన్న వెనకే, గడప ఇవతలే ఉన్నాను. నా చున్నీ చెంగు ముక్కు మీదే ఉంది.