పచ్చి స్లాబు

పుష్పలత పిట్టగోడ మీద ఒక కాలు వేసింది.

పక్కనే ఆనుకుని కొత్త ఇల్లు కడుతున్నారు. ఆ స్లాబు మీదికి దిగితే మెట్లు. మెట్లు దిగితే వీధి.

ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు చేతిలో లేదు, పోలీసులు పట్టుకుంటారు. తెలుసు. అయినా ఎగైలాలో, ఈ అరబ్బుల ఇంటి పనిలో ఇంకొక్క రోజు ఉండలేననుకుంది.

"దిగొద్దు పాపా."

తెలుగు. ఆమె కాలు ఆగిపోయింది.

స్లాబుకు నీళ్లు పడుతున్న ముసలాయన పైపు కింద పెట్టాడు.

"నిన్న పోసిన స్లాబు. సిమెంటు ఇంకా కడ్డీలను పట్టుకోలేదు. తొక్కితే పగుల్తాది."

"ఒక్క మనిషికేనా?"

"పగిలితే నన్ను పనిలోనుంచి తీస్తారు. నీళ్లు ఆరినాక పో. నేను అడ్డం రాను."

సిమెంటుతో చిన్న చిన్న గట్లు కట్టి నీళ్లు నిలిపాడు. అచ్చం వరిమళ్లే. తడిపిన మడిలో కాలు పెడితే నాయన ఎట్లా కేకలేసేవాడో గుర్తొచ్చింది.

కాలు వెనక్కి తీసుకుంది.

మరుసటి సాయంత్రం బట్టలు ఆరేస్తూ తొంగి చూస్తే, పిట్టగోడ కింద మళ్లీ నీళ్లే.

"ఇంకా ఆరలేదా తాతా?"

"ఎండ జూడు పాపా. తడుపు తగ్గితే మిద్దె చెడిపోతాది."

"నారు గూడా పోస్తావా ఏంది?"

"పోస్తా. కోతకు నువ్వే రావల్ల."

నవ్వు ఆపుకోలేక ఆరేసిన బట్టల వెనక్కి తప్పుకుంది.

రోజూ అడిగేది. రోజూ నీళ్లే. "నీ మడి పండేదెప్పుడు, నేను పోయేదెప్పుడు" అని విసుక్కునేది. ఆ విసుగులోనే రాయచోటి వానలు, శనక్కాయ చేలు మాటల్లోకి వచ్చేవి. మెల్లగా అరబీ ముక్కలు పట్టుబడ్డాయి. ఆమె 'మామా' అని పిలిచే యజమానురాలి చిన్నకూతురు ఆమె పక్కనే నిద్రపోవడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం ఆ మడి ఆరిపోయి ఉంది. ముసలాయన లేడు.

ఇప్పుడు దాటొచ్చు. ఆమెకు దాటాలని లేదు. ఆ మాట ఆయనకు చెప్పాలని మాత్రం ఉంది.

అవతల ఇటుకలు పేరుస్తున్న మేస్త్రి అల్లాబకష్‌ను పిలిచింది.

"అన్నా, నీళ్లు పట్టే తాత యాడ?"

"తిమ్మయ్యనా? ఖలాస్, ఈడ పని అయిపోయింది. నిన్న ఊరికి పోయినాడు."

"మరి స్లాబుకు నీళ్లు ఎవరు పడతారు?"

అల్లాబకష్ తాపీ ఆపాడు.

"దీనికి నీళ్లెందుకమ్మా, ఎప్పుడో గట్టిపడింది. కంపెనీ ఆయప్పను దూరంగా దజీజ్‌లో ఇంకో పనికి గూడా మార్చేసింది. అయినా పని దిగినాక బస్సెక్కి వస్తాండె. ఎందుకంటే చెప్పడు."

పుష్పలత పిట్టగోడ మీదుగా బాగా వంగి చూసింది.

స్లాబు మీద గట్లన్నీ ఎప్పుడో కొట్టేశారు. ఆమె దిగబోయిన చోట ఒక్క మడి గట్టు మాత్రం, కొత్త సిమెంటుతో మళ్లీ కట్టి ఉంది.