నలభై అయిదు గంటల విశ్రాంతి

“కార్డేదీ?”

రోడ్డు తనిఖీ అధికారిణి హలీనా లారీ కిటికీలోకి చెయ్యి చాచింది. డ్రైవరు గింటారస్ స్టీరింగు వదల్లేదు. డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడో రాసుకునే యంత్రం, కార్డు లేక ఆవులిస్తున్నట్టు నోరు తెరుచుకుని ఉంది.

“పోయిందమ్మా.”

“ఎక్కడ?”

“అది తెలిస్తే పోవడం ఎలా అవుతుంది?”

హలీనా నవ్వలేదు. “దిగండి.”

దిగాడు. టోపీ తీసి రెండు చేతులతో నలిపేశాడు.

“అమ్మా, సరిహద్దు దాటితే మా ఊరు మరియాంపొలె. అరవై కిలోమీటర్లు! పొద్దున మా ఆవిడ విల్మా రోడ్డు దాటుతుంటే ఏదో లారీ గుద్దేసింది. బతుకుతుందో లేదో చెప్పలేమంటున్నారు. నన్ను వదిలెయ్యండి. ఒక్కసారి చూసొస్తాను, తర్వాత జైల్లో పెట్టుకోండి.”

“ఈ రోడ్డు మీద నాకు వారానికి ముగ్గురు భార్యలు చావుబతుకుల్లో ఉంటారు. ఒకాయనకైతే ఒకే అత్తగారు నాలుగుసార్లు పోయింది. నిన్న ఎక్కడున్నారు?”

“లోమ్జా దగ్గర లారీల అడ్డాలో. వారాంతపు విశ్రాంతి. నలభై అయిదు గంటలు కదలకూడదుగా! ఇరవై అయ్యాయి, ఇంతలో ఆస్పత్రి నుంచి ఫోను.”

“మధ్యలో కదిలారు. మళ్లీ మొదటి గంట నుంచీ లెక్క.”

“రెస్టు తీసుకోకపోతే అరెస్టా! యూరప్‌లో ఇరవై ఏడు దేశాలు కలిసి కూర్చుని, నియమంలోనే యముణ్ణి పెట్టాయి కదమ్మా!”

“మా పోలండ్‌లోనూ, మీ లిథువేనియాలోనూ డ్రైవర్లు కాస్త పడుకుంటారనే పెట్టాయి.”

“నాకు నిద్ర వద్దు. విల్మా కావాలి.” రోడ్డు పక్కన అలాగే కూలబడ్డాడు.

హలీనా వంగి అతని మొహంలోకి చూసింది. “నిజం చెప్పండి. మీ మాట నిజమని తేలితే నా కారులో నేనే తీసుకెళ్తాను. కార్డేమైంది?”

గింటారస్ తల వంచాడు.

“మా తోటి డ్రైవరు కెస్తస్‌కిచ్చాను. వాడు నడపగలిగిన గంటలు అయిపోయాయి. చేపల లోడు, ఇవాళే చేరాలని యజమాని ప్రాణం తీస్తున్నాడు. ‘నా కార్డు ఎలాగూ పడుకునే ఉంది, పట్టుకుపోరా’ అన్నాను. మా అడ్డాలో మామూలేనమ్మా. ఇవాళ నాది వాడికి, రేపు వాడిది నాకు.”

“పెద్ద దానకర్ణులే! ఉండండి, ముందు మీ ఆవిడ సంగతి తేలనీయండి.”

హలీనా దూరంగా వెళ్లి మరియాంపొలె పోలీసులకు ఫోను చేసింది. గింటారస్ ఆమె పెదాలనే చూస్తున్నాడు. ఆమె ఏదో అడిగింది. మళ్లీ అడిగింది. అవతలివాళ్ల చేత అతని పేరు అక్షరం అక్షరం పలికించుకుంది. తిరిగి వచ్చినప్పుడు ఆమె గొంతులో కరుకుదనం లేదు.

“మీరు చెప్పింది నిజమే. ఆపరేషను జరుగుతోంది. బతికే ఉంది. కారెక్కండి.”

గింటారస్ భోరుమన్నాడు. “చల్లగా ఉండు తల్లీ! మరి గుద్దినవాడు? దొరికాడా వాడు? ఏ కన్నతల్లి కన్న...”

“దొరికాడు. స్టీరింగు మీదే నిద్రపోయాడట. స్పృహలో లేడు.”

“వాడి పేరు చెప్పండి చాలు, నా చేతులతో చంపుతా!”

హలీనా కారు తలుపు తెరిచి పట్టుకుంది.

“ఆ లారీ యంత్రంలో మీ కార్డుంది.”