నీనా పతకం

కైకలూరులో తమ చేపల చెరువు గట్టు మీద నిలబడి, కాంతం ఎర్ర నక్షత్రం పతకాన్ని నీళ్ళలోకి విసరబోయింది. కోడలు రాజశ్రీ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వదులమ్మాయ్! ఎనభై ఆరులో మీ మామగారు రష్యాకి ట్రైనింగుకెళ్ళి తెచ్చుకున్న బాగోతం ఇది. ఆ నీనా రాసిన ఉత్తరాలన్నీ పొయ్యిలో పెట్టాను. ఇదొక్కటే ఆయన పోయేదాకా నాకు దొరక్కుండా దాచుకున్నారు."

"దీని వెనకాల నెంబరుందండీ, అత్తయ్యగారూ. మాస్కోకి రాస్తే సైన్యం రికార్డు పంపించారు."

"దాని గొప్పలు నా దగ్గర చదివావంటే ఊరుకోను!"

ఏలూరు కాలేజీలో చరిత్ర చెప్పే రాజశ్రీ మాత్రం ఆగలేదు. పతకం నీనాదే. యుద్ధంలో ఆమె నర్సు. 1943లో తూటాల మధ్య పాకుతూ వెళ్ళి, గాయపడిన పద్దెనిమిది మంది సైనికులను ఒక్కొక్కరినే ఈడ్చుకొచ్చి బతికించింది.

"అంతమందిని బతికించింది, నా కాపురం మాత్రం కూల్చింది. అప్పటికి ఎన్నేళ్ళట మహాతల్లికి?"

"నలభై రెండండీ. 1901లో పుట్టారు. మావయ్యగారు వెళ్ళేనాటికి ఎనభై అయిదేళ్ళావిడ."

కాంతం వేళ్ళు సడలాయి. పతకం గడ్డిలో పడింది. రాజశ్రీ దాన్ని తీసి కొంగుతో తుడవబోతే కాంతం కసిరింది.

"నువ్వెందుకు కనుక్కున్నావే ఇదంతా? ఎవరడిగారు నిన్ను?"

కాసేపటికి గట్టు మీద చతికిలబడింది.

"ముసలావిడే కాంతం అని ఆయన మొత్తుకుంటూనే ఉన్నారు. ముప్పై ఏళ్ళు వసారాలో పడుకోబెట్టాను."